చంద్రుని నవ్వు



భాద్రపద శుద్ధ చవితినాడు అక్షతలు చేత బట్టుకొని మనమందఱము వినెడి కథను ఒక్కసారి జ్ఞప్తికి దెచ్చుకొనుడు. విఘ్నములపై నాధిపత్యము నొందిన వినాయకుడు భక్తులిడిన కుడుములు కడుపార నారగించి, భుక్తాయాసముతో కైలాసమునకు వచ్చి, తల్లిదండ్రులకు మ్రొక్కబోయెను. వంగుటకు బొజ్జ యడ్డము వచ్చెను. ఆ యవస్థ చూచి శివుని సిగలోనున్న చంద్రుడు పకపక నవ్వెను. ఆ నవ్వుతో గూడిన చూపు సోకినంతనే బాలుని పొట్ట పగిలి ప్రాణము పోయెనని కథ.

చిన్ననాట మా తండ్రిగారు ఈ కథ చదువుచుండగా నాకొక సందేహము గలిగెడిది. కుడుములు తిన్నందుకు పగులని పొట్ట, ఎవరో నవ్వినందుకు పగులుటయేమి? అడిగిన, "పెద్దదానవైన పిమ్మట తెలియునమ్మా" యని వారు నవ్వి యూరకుండిరి. ముప్పది దాటిన పిమ్మట, ఇటీవలి వైద్యుల పరిశోధనలు కొన్ని చదివినప్పుడు గాని ఆ సందేహము తీఱలేదు. తిండి చేయని కీడు నవ్వు చేయగలదని మన పూర్వులు కథగా జెప్పిరి. దానినే నేడు వైద్యులు లెక్కలు వేసి చెప్పుచున్నారు.

ఈ శీర్షికలో ఇంతవఱకు పిల్లల దగ్గులు, బాలింత పథ్యములు, వేసవిలో నీటి నిలువలు మొదలగువానిని ముచ్చటించుకొంటిమి. ఈ మాసపు ముచ్చట వేఱొక తెగులును గూర్చినది. ఒడలు గలవారిని చులకన జేయుటయే ఆ తెగులు. అది పుట్టునది ఒకరి నాలుకపై, బాధించునది మఱొకరి దేహమును.

మార్కాపురమునుండి గిద్దలూరు పోవు బస్సులోనికి స్థూలకాయురాలొకతె ఎక్కినదనుకొనుడు. కూర్చున్నవారు జరుగరు సరికదా, "రెండు టిక్కెట్లు కొట్టయ్యా" యని కండక్టరుతో హాస్యమాడుదురు. చెన్నకేశవస్వామి తిరునాళ్లలో గాజులవాడు, "ఈ చేతికి నా కాడ సైజు లేదమ్మా" యని నలుగురు వినునట్లు కేకవేయును. పెండ్లిపందిటిలో వరుసకు వదినయగునామె, "ఏంది వదినా, అన్న సంపాదనంతా నీ ఒంట్లోనే కనబడతాండాదే!" యనును. పదిమందియు నవ్వుదురు. ఆమెయు నవ్వును. నవ్వక యేమి చేయును? ముఖము చిన్నబుచ్చుకొనెనా, "పరాచికాలకు గూడా ఉడుక్కుంటే ఎట్లా" యని రెండవ మాట పడవలసివచ్చును. ఇక పెండ్లిచూపుల సంగతి చెప్పనక్కఱలేదు. చదువు, గుణము, పనితనము అన్నియు విచారించి, తుదకు "పిల్ల కాస్త బొద్దుగా ఉంది" యని లేచిపోవువారిని మనమెందఱిని జూడలేదు?

ఇవి చిన్నమాటలే యని నేనును చాలకాలము తలంచితిని. నా తలంపు మార్చినది మా పెద్ద తోడికోడలు. ఆమె కథ చెప్పుటకు ఆమె యనుమతి నొందియే వ్రాయుచున్నాను.

ఆమె కాపురము నల్లమల దిగువనున్న యొక మెట్టగ్రామమున. చేనిపని, పాడిపని, పదిమందికి వంట చేసిన యిల్లాలు. మూడవ కాన్పు తరువాత ఒడలు వచ్చినది. నలుబదియైదేండ్లు దాటగానే నడుము, మోకాళ్లు, మెడ పట్టివేయసాగెను. పెద్దపట్టణమందలి యొక వైద్యశాలకు పోయిరి. అచ్చటి వైద్యుడు చేయివేసి చూడలేదు, రక్తపోటైన పరీక్షింపలేదు. తూనికయంత్రముపై నిలిపి, అంకె చూచి, "ముందు ఇరవై కిలోలు తగ్గి రామ్మా, తర్వాత నొప్పుల సంగతి చూద్దాం" అనెను. తలుపు తెఱచియేయున్నది. వెలుపల బల్లలపై గూర్చున్నవారందఱు వినిరి, ఒకరిద్దఱు నవ్విరి.

అక్కయ్య ఇంటికి వచ్చి రాత్రి భోజనము మానివేసెను. తరువాత పగటి భోజనమును సగము చేసెను. మూడు నెలలలో నాలుగు కిలోలు తగ్గి, తలతిరిగి దొడ్డిలో బడి, మరల తినుట మొదలుపెట్టగా ఆఱు కిలోలు పెరిగెను. అంతటితో వైద్యుని గడప త్రొక్కనని ఒట్టు పెట్టుకొనెను. "పోతే ఏం చెప్తాడు చెల్లీ? బండలాగున్నావు, అందుకే నొప్పులు అంటాడు. ఆ మాట చెప్పించుకునేదానికి రెండొందలు ఫీజెందుకు?" అని నాతో ననెను. పెండ్లిండ్లకు వచ్చుట మానెను. గుడికి పోవుటయు మానెను. ఇట్లు నాలుగేండ్లు గడచినవి.

మా అత్తగారి యాబ్దికమునాడు అందఱము చేరితిమి. వెనుకనుండి ఎవరో పిలువగా అక్కయ్య మెడ త్రిప్పలేక, మొండెమంతయు త్రిప్పి చూచినది. నా గుండె గుభిల్లుమన్నది. ఆమె మనుమడు ప్రక్కన నవ్వుచుండగా వాని పండ్లపై గోధుమరంగు చారలు కనబడినవి. నెలలోపల బ్రతిమాలి, పోరి, ఆమెను మఱియొక వైద్యుని కడకు గొనిపోయితిని. ఆయన కుర్చీ చూపి కూర్చుండబెట్టి, మెడ, వెన్ను, మోచేతులు మెల్లగా వంచి చూచి అడిగిన మొదటి ప్రశ్న యిది: "అమ్మా, మీ ఊళ్ళో ఏ నీళ్ళు తాగుతారు?"

ఆ ప్రశ్న వినుటకు అక్కయ్యకు నాలుగేండ్లు పట్టినది. ఎక్స్‌రేలో ఎముకలు గట్టిపడి, సందులలో సున్నము పేరుకొన్నట్లు కనబడినది. అది బోరునీటి ఫ్లోరైడు చేసిన పని. దానితోపాటు రక్తపోటును మిక్కిలి హెచ్చుగా నున్నట్లు ఆనాడే బయటపడినది.

ఈ ఫ్లోరైడు మన పశ్చిమ ప్రకాశమునకు క్రొత్తది కాదు. నాడు నెల్లూరు జిల్లాలో జేరియుండిన మన పొరుగు మెట్టసీమలయందు జనుల యెముకలు బిగిసి, నడుములు వంగిపోవుట చూచి, షార్ట్, పండిట్, రాఘవాచారి యను మువ్వురు 1937లో వైద్యపత్రికలో వ్రాసిరి. భరతఖండమున మానవులయందలి ఫ్లోరోసిస్‌ను గూర్చిన తొలి వ్రాతలలో నది యొకటి. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదని నేటి ప్రమాణము. తొంబదియేండ్లుగా దెలిసిన రోగము, మన నేలలో నాటుకొన్న రోగము, ఒక మనిషి లావు అడ్డము వచ్చి వైద్యునికే కనబడకపోయెననిన, ఆ లావు కంటబడుటలోనే మనకేదో దోషము గలదు. అక్కయ్యకు జరిగినట్లే థైరాయిడ్ మాంద్యము, ఊపిరితిత్తుల తెగులు, గర్భాశయపు గడ్డలు మొదలగునవి "లావువల్ల" నను నొక్కమాటక్రింద దాగిపోవుట లోకమంతట గలదని వైద్యులే యొప్పుకొనుచున్నారు. లావుగల స్త్రీలు సిగ్గుచే రొమ్ము, గర్భాశయముఖ క్యాన్సరు పరీక్షలకు ఆలస్యముగా బోవుటయు, అందుచే రోగము ముదిరిన పిదప బయటపడుటయు పరిశోధనలలో దేలినది.

వైద్యుడు పొరబడుట యొక దారి మాత్రమే. నింద తానే దేహమున బ్రవేశించు దారులు వేఱే కలవు.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమువారు 2011లో ఒక పరీక్ష ప్రకటించిరి. ఒడలుగల స్త్రీలను రెండు తెగలుగా జేసి, ఒక తెగకు లావువారిని వెక్కిరించు చలనచిత్రములను, రెండవ తెగకు సామాన్యమైన చిత్రములను జూపి, పిదప ఇరువురి యెదుటను చిఱుతిండ్లుంచిరి. వెక్కిరింత చూచినవారు, చూడనివారికంటె మూడింతలకు మించిన శక్తినిచ్చు తిండి తినిరి. తిట్టిన తగ్గుదురను మన నమ్మకమునకు ఇంతకంటె మించిన దెబ్బ యేమి కావలెను?

ఇంగ్లండులో ఏబదియేండ్లు దాటిన రమారమి 2,900 మందిని నాలుగేండ్లు గమనించి, 2014లో ఫలితములు ప్రకటించిరి. బరువునుబట్టి చులకన చేయబడితిమన్నవారు సగటున దాదాపు ఒక కిలో పెరిగిరి. ఆ యవమానము లేనివారు ముప్పాతిక కిలోకు కొంచెము తక్కువగా తగ్గిరి. అమెరికాలో ఆఱువేల పైబడిన పెద్దవారిని 2006 మొదలు 2010 వఱకు చూడగా, ఆరంభమున స్థూలకాయము లేకయు ఈ చులకనకు లోనైనవారు స్థూలకాయులగుట, లోనుగానివారికంటె రెండున్నర రెట్లు హెచ్చుగా నుండెను. 2015లో ఆ పరిశోధకులే మఱియొకటి ప్రకటించిరి. రెండు పెద్ద సమూహములలో కలిపి పదునెనిమిదివేలకు మించినవారిని ఏండ్లతరబడి గమనించగా, బరువుచే నవమానమొందినవారికి మరణభయము నూటికి దాదాపు అఱువది పాళ్లు హెచ్చు. వారి బరువును, అదివఱకున్న రోగములను, పొగత్రాగుడును లెక్కకు దీసికొని సరిచేసినను ఈ తేడా పూర్తిగా పోలేదు.

ఇచట ఒకమాట సత్యము కొఱకు జెప్పవలెను. ఇవి జనులను గమనించి తేల్చిన సంగతులు. నింద యొక్కటియే యీ కీడంతయు జేసెనని ఇవి రుజువు చేయజాలవు. కాని ఇన్ని దేశములలో, ఇందఱిలో, ఒక్క తీరుననే కనబడినప్పుడు, నింద మందువలె పనిచేయునని చెప్పువారికి నిలుచుటకు తావులేదు.

ఇది యెట్లు జరుగును? అవమానము కలిగినప్పుడు మన దేహము దానిని ఆపదగానే యెంచును. పాము ఎదురైనప్పుడు గుండె యెట్లు దడదడలాడునో, పదిమందిలో నవ్వులపాలైనప్పుడును అట్లే యాడును. మూత్రపిండములపై గూర్చున్న చిన్న గ్రంథులనుండి కార్టిసాల్ అను రసము రక్తములో జేరి చక్కెరను హెచ్చించును, రక్తపోటును బెంచును. పాము తొలగిన కొంతసేపటికి అన్నియు సర్దుకొనును. కాని నింద తొలగునా? బస్సులో నొకటి, బావికడ నొకటి, భోజనపంక్తిలో నొకటి, అద్దమెదుట తనకు తాననుకొనునది యొకటి. కార్టిసాల్ దినదినము హెచ్చుగా నున్నయెడల తీపి, నూనె పదార్థములపై నాకలి లేచును. కొవ్వు నడుముచుట్టు, పేగులచుట్టు జేరును. ఆ చోట జేరిన కొవ్వే మధుమేహమునకు, గుండెజబ్బునకు మిక్కిలి చెఱుపు. నిద్ర చెడును. నిద్ర చెడిన ఆకలి మఱింత పెరుగును. ఇది మొదటి దారి.

రెండవ దారి సిగ్గు. నలుగురు చూతురని వీథిలో నడువరు. నవ్వుదురని ఆడరు, ఈదరు. తగ్గవలెనన్న పనులనే నింద మాన్పించును. మూడవ దారి ఉపవాసము. కోపముతో తిండిమాని, పిదప ఆవురావురుమని తిని, తగ్గుచు పెరుగుచు నుండుట. అక్కయ్యకు జరిగినది యిదియే. నాలుగవది వైద్యుని గడప త్రొక్కకపోవుట. ఈ నాలుగును పదియేండ్లు కలిసి నడచిన, ఒడలివలన గలిగిన కీడెంతయో, నవ్వువలన గలిగిన కీడెంతయో విడదీయుట ఎవరితరము?

శాస్త్రములు చదివిన పెద్దలొకరు నాతో వాదించిరి: "చరకుడు స్థూలునికి చింత, జాగరణము చికిత్సగా జెప్పలేదా? నాలుగు మాటలన్న చింతపడి తగ్గరా?" నిజమే. చరకసంహిత సూత్రస్థానమున అష్టౌనిందితీయమను నధ్యాయము గలదు. లోకము నిందించు దేహములు ఎనిమిదని అందు జెప్పబడినది: మిక్కిలి పొడవు, మిక్కిలి పొట్టి, మిక్కిలి రోమములు, రోమములు లేమి, మిక్కిలి నలుపు, మిక్కిలి తెలుపు, మిక్కిలి లావు, మిక్కిలి బక్క. స్థూలునికి చింతనము, జాగరణము పథ్యములలో జేర్చిన మాటయు వాస్తవమే. కాని ఆ యధ్యాయమునందే లావునకు కారణములు చెప్పుచు, అతిభోజనము, వ్యాయామలేమి, పగటినిద్రలతోపాటు బీజస్వభావమును గూడ జేర్చిరి. అనగా తల్లిదండ్రులనుండి వచ్చిన తీరని యర్థము. ఎనిమిదింటిలో నలుపు తెలుపులు, పొడవు పొట్టులు మన చేతిలోనివి కావని యొప్పుకొందుము. లావును మాత్రము నేరముగా నెంచుదుము. చింతవలన తగ్గుదురను మాటవద్ద నేటి పరిశోధన వేఱు మార్గమున బోవుచున్నది. పెద్దలపై భక్తి యున్నంతమాత్రమున రెండువేల యేండ్ల పిదప దెలిసిన సంగతిని త్రోసివేయనేల? మఱియు చింతనము చేయుమని వైద్యుడు రోగికి జెప్పెను గాని, నవ్వుడని ఇరుగుపొరుగునకు జెప్పలేదు.

ఇక పిల్లల మాట. తల్లులు ఈ భాగము రెండుసార్లు చదువవలెనని వేడుచున్నాను.

మావారు పనిచేయు బడి కాదు, ఒకప్పుడు వారు చూచిన మఱియొక బడి. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె ఖోఖో ఆటలో చుఱుకైనది. కొంచెము బొద్దు. ఒకనాడు పరుగులో జారిపడగా, ఉపాధ్యాయుడొకరు "బియ్యం మూట పడిందిరా" యనిరి. ఆ దినమునుండి ఆ పిల్ల పేరు మూట. ఆటల గంటకు కడుపునొప్పి యని కూర్చుండుట, మధ్యాహ్నభోజనము మానివేయుట, సాయంకాలము ఇంట తలుపు చాటున దొరికినదెల్ల తినుట మొదలయ్యెను. సంవత్సరము తిరుగువేళకు ఆట పోయినది, ఒడలు పెరిగినది. ఆ తల్లి, "తినొద్దని రోజూ తిడుతూనే ఉన్నానమ్మా, అయినా వినడంలేదు" అని నా యెదుట కన్నీరు పెట్టుకొనెను. బడిలో ఆరంభమైన పనిని తాను ఇంట పూర్తి చేయుచున్నానని ఆమెకు దెలియదు.

అమెరికాలో 2,379 మంది బాలికలను పదవయేటినుండి పందొమ్మిదవయేటివఱకు గమనించిన లెక్కలను 2014లో ప్రకటించిరి. పదవయేటికే తల్లిగాని, తండ్రిగాని, తోబుట్టువుగాని, స్నేహితురాలుగాని, గురువుగాని "నీవు మఱీ లావు" అని చెప్పగా విన్న బాలికలు, పందొమ్మిదవయేట స్థూలకాయలగుట హెచ్చుగా నుండెను. పదవయేటి బరువు సమానముగా లెక్కించినను ఈ తేడా నిలిచినది. అందును పరాయివారి మాటకంటె ఇంటివారి మాటకే బలము మిక్కుటము. మన మార్కాపురము పలకలకు పేరుపడినది గదా! పలకపై బలపముతో వ్రాసినది తడిగుడ్డతో తుడిచినచో పోవును. పదియేండ్ల పిల్ల మనస్సుపై తల్లి వ్రాసినది అట్లు పోదు.

"అట్లయిన లావు మంచిదే యందువా?" యని మీరడుగవచ్చును. అనను. నడుముచుట్టు పేరిన కొవ్వు మధుమేహమునకు, రక్తపోటునకు దారితీయునని నిశ్చయముగా దెలిసినది. అందును మన దేశస్థులకు తక్కువ బరువుననే ఆ ముప్పు వచ్చును. కొలత టేపుతో నడుము చుట్టుకొలత చూచుకొనుడు. స్త్రీకి 80 సెంటీమీటర్లు దాటిన జాగ్రత్తపడవలెను. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, మన ఆంధ్రప్రదేశమున పదునైదు మొదలు నలుబదితొమ్మిదేండ్ల స్త్రీలలో నూటికి 36 మంది అధికబరువు గలవారు. నూటికి 15 మంది ఉండవలసినదానికంటె బక్కవారు. ఒక్క యూరిలో, ఒక్కొక్కప్పుడు ఒక్క యింటిలోనే యిద్దఱును గలరు. బక్కపిల్లను "ఎండుపుల్ల" యనుటయు ఇట్టి పాపమే.

ఇందఱు లావగుట ఇందఱి సోమరితనముచేతనా? మన యవ్వలు జొన్నసంగటి, కొఱ్ఱన్నము తిని, రోట దంచి, బిందెలతో నీరు మోసిరి. నేడు మూడుపూటల తెల్లని బియ్యము, గదిలో గ్రైండరు, గుమ్మములో నీటిక్యాను. కాన్పులు, థైరాయిడ్, నొప్పులకని తెలియక మ్రింగెడి స్టెరాయిడ్ మాత్రలు, నిద్రలేమి, వంశమునుండి వచ్చినది - ఇన్ని చేతులు కలిసి పెంచిన దేహమునకు ఒక్క మనిషిని దోషిగా నిలుపుట న్యాయము కాదు. 2020లో పలుదేశముల నిపుణులు కూడి, ఈ నింద రోగులకు కీడుచేయుననియు, దానిని మాన్పవలెననియు నొక ప్రకటన చేసిరి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున 1976 నాటి చట్టమే బరువునుబట్టి ఉద్యోగములలో భేదము చూపరాదని శాసించినది. న్యూయార్కు నగరమును 2023లో అట్టి శాసనము చేసినది. శాసనములు మన వంటయింటికి వచ్చునంతవఱకు మనము వేచియుండనక్కఱలేదు.

మనము చేయదగినవి కొన్ని చెప్పెదను.

మొదటిది: చాలకాలమునకు కనబడినవారిని పలుకరించునప్పుడు వారి యొడలి మాట ఎత్తకుడు. "చిక్కినావే" యను మెప్పును వలదు. చిక్కుట రోగముచే గావచ్చును. "బాగున్నావా, పిల్లలు బాగున్నారా" యను మాటలకు మనభాషలో కొఱత లేదు.

రెండవది: ఇంట ఒక్కరికి వేఱు పథ్యమని పళ్లెము వేఱుచేయకుడు. జొన్నరొట్టె, ఆకుకూరపప్పు, మజ్జిగ అందఱికి మంచివే, అందఱికిని వడ్డింపుడు. సాయంకాలము నడక యన్నచో తల్లీకూతుండ్రు కలిసి పోవుడు. లావుపిల్లను ఆట మాన్పకుడు. ఆడినంతసేపు బరువు మాట తలపెట్టకుడు.

మూడవది: ముప్పదియేండ్లు దాటిన ప్రతి స్త్రీయు, లావైనను బక్కయైనను, ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో రక్తపోటు, చక్కెర పరీక్షించుకొనవలెను. నోటి, రొమ్ము, గర్భాశయముఖ క్యాన్సరు పరీక్షలును అచ్చట ప్రభుత్వ కార్యక్రమములోనివే. చేయి లావుగా నున్నవారికి చిన్నపట్టీ కట్టి చూచిన రక్తపోటు లేనిది యున్నట్లు హెచ్చుగా చూపును. పెద్దపట్టీ కట్టుమని సంకోచింపక అడుగుడు.

నాల్గవది: వైద్యుడు "బరువు తగ్గు" మని పంపివేయబోయిన, వినయముగా నిట్లడుగుడు: "అయ్యా, ఇదే నొప్పి బక్కమనిషికి వస్తే మీరు ఏ పరీక్షలు చేయిస్తారు? అవి నాకూ చేయించండి." ఒంటరిగా పోలేనివారికి తోడు పొండు. నోరు పెగలని చోట తోడువచ్చినవారు అడుగవచ్చును.

ఐదవది మన సీమవారికి ప్రత్యేకము: మెడ, వెన్ను పట్టివేసినను, పిల్లల పండ్లపై చారలు కనబడినను, త్రాగునీటిని పరీక్షింపజేయుడు. కాచినంతమాత్రమున ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొలది మఱింత చిక్కబడును.

అక్కయ్య సంగతి చెప్పి ముగించెదను. ఇప్పుడామె శుద్ధిచేసిన నీరు త్రాగుచున్నది. రక్తపోటు మాత్ర తప్పక వేసికొనుచున్నది. నొప్పులు కొంత తగ్గినవి. గట్టిపడిన మెడ మాత్రము మునుపటివలె తిరుగదనియు, నాలుగేండ్ల ముందే నీరు మార్చియున్న ఇంత బిగిసెడిది కాదేమో యనియు వైద్యుడు చెప్పెను. ఆమె బరువు నాడెంతయో నేడు దాదాపు అంతయే. కాని మొన్న మా మేనకోడలి పెండ్లికి వచ్చినది. పందిటిలో నొకామె నోరు తెఱవబోవగా, మా అత్తగారి చెల్లెలు, ఎనుబదియేండ్ల ముసలమ్మ, "నోరు మూయవే! అది వచ్చిందని మేమంతా సంతోషపడతాంటే" యని కసిరెను. ఆ యొక్క కసురుతో పందిరి సద్దుమణిగినది. అక్కయ్య పంక్తిలో గూర్చుండి నలుగురితోబాటు భుజించినది.

వ్రతకథలో పార్వతీదేవి చంద్రుని శపించెను గాని, "ఏల యిన్ని కుడుములు తింటివి?" యని బిడ్డను అడుగలేదు. తల్లి చేయవలసిన పని యేదో ఆమె యెఱుగును. వచ్చు చవితినాడు అక్షతలు శిరస్సున జల్లుకొనునప్పుడు మనమును ఆ మాట స్మరింతము.